జీవ రహస్యానికి వెలుగు చూపిన విదుషి: రోజలిండ్ ఫ్రాంక్లిన్

మానవుడు ప్రకృతిని గురించి వేసుకొన్న ప్రశ్నలలో అతి ప్రాచీనమైనది ఒకటున్నది. తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు ఏ విధంగా సంక్రమిస్తున్నవి? వరి గింజ నుండి వరియే, చింత గింజ నుండి చింతయే మొలచుటకు కారణమేమి? వేల సంవత్సరాలు మానవుని మేధను వేధించిన ఈ ప్రశ్నకు 1953వ సంవత్సరంలో స్పష్టమైన సమాధానం లభించింది. ఆ సమాధానాన్ని తలచుకొనగానే జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ అను ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్లు మన విద్యార్థులకు స్ఫురిస్తాయి. పాఠ్యగ్రంథాలలో వారి పేర్లే ప్రముఖంగా కానవస్తాయి. అయితే ఆ మహత్తర సౌధానికి పునాదిరాళ్ళుగా నిలిచిన కొలతలను, ఛాయాచిత్రాలను సమకూర్చిన ఒక యువతి ఉన్నది. ముప్పది ఏడవ ఏటనే అస్తమించిన ఆ విదుషి పేరు రోజలిండ్ ఫ్రాంక్లిన్. ఆమె జీవితాన్ని, కృషిని స్థూలంగా పరిచయం చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

జీవకణం - రెండు ప్రధాన ద్రవ్యాలు

ఆమె కృషి విలువ బోధపడవలెనంటే ముందుగా జీవకణాన్ని గురించి కొంత తెలిసికొనుట అవసరం. ఇల్లు ఇటుకలతో నిర్మితమైనట్లు ప్రాణుల దేహాలు కణాలతో నిర్మితమైనవి. కణం చుట్టూ పలుచని పొర, లోపల కణద్రవ్యం, దాని నడుమ కేంద్రకం ఉంటాయి. ఈ కణంలో జరిగే సమస్త కార్యాలను నిర్వహించేవి మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. రక్తంలో ప్రాణవాయువును మోసికొనిపోయే హీమోగ్లోబిన్ ఒక ప్రోటీను. మనం తిన్న అన్నాన్ని జీర్ణం చేసే ఎంజైములు ప్రోటీనులే. వెంట్రుకలకు, గోళ్ళకు రూపమిచ్చే కెరటిన్ కూడ ప్రోటీనే. 20 రకాల ఎమినో ఆమ్లాలు వివిధ క్రమాలలో ముత్యాల సరాలవలె కూర్పబడి, ఆ సరాలు తమకు తగిన రీతిలో ముడుచుకొని ప్రోటీనులుగా ఏర్పడుతాయి. సరంలో ముత్యాల క్రమం మారినచో ప్రోటీను స్వభావమే మారిపోవచ్చును.

కేంద్రకంలో వేరొక ద్రవ్యం ఉన్నది. స్విట్జర్లాండు దేశీయుడైన ఫ్రెడరిక్ మీషర్ 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరంలో, ఆసుపత్రిలో పారవేసిన కట్టుగుడ్డలపై ఉన్న చీములోని తెల్లకణాల నుండి దానిని తొలిసారిగా వేరుచేశాడు. దానినే తరువాతి కాలంలో డి.ఎన్.ఎ. అని వ్యవహరించసాగారు. అందులో శర్కర, ఫాస్ఫేటు, నాలుగు రకాల క్షారాలు మాత్రమే ఉన్నవి. ఎడినైన్, థైమిన్, గ్వానైన్, సైటోసిన్ అనునవి ఆ నాలుగు క్షారాలు.

వంశలక్షణాలను మోసేది ఈ రెండింటిలో ఏది? చాలకాలం శాస్త్రజ్ఞులు ప్రోటీనుల వైపే మొగ్గు చూపారు. 20 అక్షరాల భాషలో ఎన్ని మాటలైనా వ్రాయవచ్చును గాని, నాలుగే అక్షరాలు గల బీద భాషలో ఇంతటి సృష్టి వైవిధ్యాన్ని లిఖించుట సాధ్యమా అని వారి సందేహం. 1944లో న్యూయార్కు నగరంలో ఆస్వాల్డ్ ఎవరీ, ఆయన సహచరులైన మెక్‌లియాడ్, మెకార్టీలు ఈ సందేహాన్ని తలక్రిందులు చేశారు. న్యుమోనియా వ్యాధిని కలిగించే ఒక జాతి సూక్ష్మజీవుల నుండి శుద్ధమైన డి.ఎన్.ఎ.ను తీసి, హానిచేయని జాతికి అందించగా, ఆ సాధుజాతి శాశ్వతంగా మారిపోయింది. మారిన లక్షణం దాని సంతతికి కూడ సంక్రమించింది. 1952లో హెర్షీ, చేజ్‌లు వైరస్‌లపై జరిపిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని బలపరచాయి. జన్యుద్రవ్యం డి.ఎన్.ఎ.యే అని తేలుతున్నది. కాని దాని ఆకృతి ఎట్టిది? అది తనకు తాను నకలు ఏ రీతిగా తయారుచేసికొంటున్నది? ఇదియే నాడు శాస్త్రలోకం ముందు నిలిచిన సమస్య.

బాల్యం, విద్యాభ్యాసం

రోజలిండ్ 1920వ సంవత్సరం జూలై 25వ తేదీన లండన్ నగరంలో జన్మించింది. బ్రిటన్‌లో అల్పసంఖ్యాక వర్గమైన యూదు సమాజానికి చెందిన సంపన్న కుటుంబం వారిది. తండ్రి ఎల్లిస్ ఫ్రాంక్లిన్ బ్యాంకింగు వ్యాపారి. అయినను సాయంసమయాలలో శ్రామికుల కళాశాలలో పాఠాలు చెప్పుచుండెడివాడు. హిట్లరు పాలన నుండి పారిపోయి వచ్చిన యూదు శరణార్థులకు ఆ కుటుంబం ఆశ్రయం కల్పించింది. అట్టి ఇద్దరు పిల్లలను వారు తమ ఇంటనే ఉంచుకొన్నారు. సంపద ఉన్నచోట బాధ్యత కూడ ఉండవలెనను సంస్కారం ఆ ఇంటి గాలిలోనే ఉన్నది.

ఆ కాలంలో బాలికలకు భౌతిక, రసాయన శాస్త్రాలను శ్రద్ధగా బోధించే పాఠశాలలు లండన్‌లో కూడ అరుదు. అట్టి కొలది పాఠశాలలలో సెయింట్ పాల్స్ బాలికల పాఠశాల ఒకటి. రోజలిండ్ అక్కడ చదివి, 1938లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని న్యూన్‌హామ్ మహిళా కళాశాలలో ప్రవేశించింది. మరుసటి ఏడే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. నాజీల బారి నుండి తప్పించుకొని ఫ్రాన్సు నుండి వచ్చిన ఏడ్రియెన్ వీల్ అను శాస్త్రవేత్త్రితో ఆమెకు అక్కడ స్నేహం కలిగింది. ఈ స్నేహం తరువాతి కాలంలో ఆమె జీవితాన్ని మలుపు త్రిప్పింది.

1941లో ఆమె ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. పరీక్షలో ప్రథమ శ్రేణి రానంత మాత్రాన భవిష్యత్తు ముగిసిపోయినట్లు కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. మరొక విశేషం గమనింపదగినది. పురుషులతో సమానంగా చదివి, సమానంగా పరీక్షలు వ్రాసినను, నాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు నామమాత్రపు పట్టాలనే ఇచ్చుచుండెను. సంపూర్ణ హక్కులతో కూడిన పట్టాలు స్త్రీలకు లభించినది 1948 నుండి మాత్రమే.

బొగ్గు నుండి స్ఫటికాలకు

యుద్ధకాలంలో ప్రతి యువ శాస్త్రజ్ఞునకు దేశావసరాలకు తోడ్పడే పని అప్పగింపబడేది. 1942లో రోజలిండ్ బ్రిటిష్ బొగ్గు వినియోగ పరిశోధన సంఘంలో చేరింది. రాత్రివేళ శత్రువిమానాలు బాంబులు కురిపించునపుడు ప్రజలను హెచ్చరించే స్వచ్ఛంద సేవికగా, పగలు బొగ్గును పరిశీలించే పరిశోధకురాలిగా ఆమె పనిచేసింది. బొగ్గులో కంటికి కానరాని సూక్ష్మరంధ్రాలున్నవి. ఆ రంధ్రాల పరిమాణాన్ని అనుసరించి కొన్ని వాయువులు లోనికి చొచ్చుకొనిపోగలవు, కొన్ని పోజాలవు. ఆమె ఈ విషయాన్ని నిశితంగా కొలిచి, 1945లో డాక్టరేటు పట్టాన్ని పొందింది. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియైదు ఏండ్లు.

యుద్ధానంతరం ఏడ్రియెన్ వీల్ సహాయంతో 1947లో ఆమె పారిస్ చేరుకొన్నది. అక్కడి ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో జాక్ మేరింగ్ వద్ద ఎక్స్-కిరణ వివర్తన విద్యను అభ్యసించింది. ఈ విద్య సారాంశం ఇది. పదార్థంలోని పరమాణువులు అతి సూక్ష్మమైనవి, మామూలు కాంతితో వాటిని చూడలేము. ఎక్స్-కిరణాలను క్రమబద్ధమైన అమరిక గల పదార్థం గుండా పంపినపుడు అవి పరమాణువులను తాకి చెదిరి, వెనుకనున్న ఫిల్ముపై చుక్కలుగా, చారలుగా పడతాయి. ఆ చుక్కల దూరాన్ని, తీక్ష్ణతను బట్టి లోపలి అమరికను గణితం ద్వారా ఊహించవలెను. మనిషిని చూడకుండా గోడపై పడిన నీడను మాత్రమే చూచి అతని రూపాన్ని నిర్ణయించుట వంటి కఠినమైన పని ఇది. రోజలిండ్ నాలుగేండ్లలో ఈ కళలో ఆరితేరింది. వేడిచేసినపుడు గ్రాఫైటుగా మారే కర్బనాలకు, ఎంత వేడిచేసినను మారని కర్బనాలకు గల భేదాన్ని ఆమె స్పష్టపరచింది. ఈ విభజన కర్బన పదార్థాల శాస్త్రంలో నేటికిని మన్నన పొందుతున్నది.

పారిస్‌లో గడిపిన ఆ రోజులు ఆమె జీవితంలో సంతోషకరమైనవి. ఫ్రెంచి భాషను చక్కగా మాటలాడేది. సహచరులతో కలసి పర్వతారోహణకు వెళ్ళేది. స్త్రీ పురుష భేదం లేకుండ అందరును ఒకే బల్ల చుట్టూ చేరి శాస్త్రచర్చలు సాగించే వాతావరణం ఆమెకు అక్కడ లభించింది.

కింగ్స్ కళాశాలలో

1951 జనవరిలో ఆమె లండన్‌లోని కింగ్స్ కళాశాలలో చేరింది. మొదట ఆమెకు నిర్ణయింపబడిన విషయం ద్రావణాలలోని ప్రోటీనుల పరిశీలన. కాని ప్రయోగశాల అధిపతి జాన్ రాండల్ ఆమె రాకకు ముందే మనస్సు మార్చుకొని, డి.ఎన్.ఎ. పోగులపై ఎక్స్-కిరణ పరిశోధన చేయవలసినదని లేఖ వ్రాశాడు. ఆ పనిలో ఆమె, విద్యార్థియైన రేమండ్ గాస్లింగ్ మాత్రమే ఉంటారని ఆ లేఖ సారాంశం. కాని అదే ప్రయోగశాలలో అంతకు ముందే ఆ పనిని ఆరంభించిన మారిస్ విల్కిన్స్‌కు ఈ ఏర్పాటును గురించి తెలియజేయలేదు. రోజలిండ్ తన సహాయకురాలిగా వచ్చినదని విల్కిన్స్ తలచాడు. తాను స్వతంత్ర పరిశోధకురాలినని రోజలిండ్ తలచింది. అధికారి చేసిన ఈ చిన్న లోపం ఇద్దరు సమర్థుల మధ్య తొలగని అగాధాన్ని సృష్టించింది. స్వభావరీత్యా కూడ వారిద్దరూ భిన్నధ్రువాలు. ఆమె సూటిగా, తీవ్రంగా వాదించేది. ఆయన మౌని, సంకోచపరుడు. పురుషులకు మాత్రమే ప్రవేశమున్న భోజనశాల ఒకటి ఆ కళాశాలలో ఉండుట కూడ, పారిస్ నుండి వచ్చిన ఆమెకు రుచించలేదు.

ఇట్టి వాతావరణంలోనే ఆమె అద్భుతమైన కృషి సాగించింది. స్విట్జర్లాండులోని బెర్న్ నగరం నుండి రుడాల్ఫ్ సైనర్ తెచ్చి ఇచ్చిన మేలురకపు డి.ఎన్.ఎ. కింగ్స్ కళాశాలలో ఉన్నది. దాని నుండి వెంట్రుక కంటె సన్నని పోగులను తీసి, ఆ పోగు చుట్టూ ఉన్న గాలిలో తేమను నియమిత ప్రమాణంలో ఉంచి ఎక్స్-కిరణాలను పంపే పరికరాన్ని ఆమె అమర్చింది. ఫలితంగా ఒక ముఖ్య సత్యం బయటపడింది. డి.ఎన్.ఎ.కు రెండు రూపాలున్నవి. తేమ తక్కువైనపుడు పోగు కురచగా, స్ఫటికం వలె ఉంటుంది. ఇది ఏ రూపం. తేమ అధికమైనపుడు పోగు సాగి నిడివి పెరుగుతుంది. ఇది బి రూపం. అంతవరకు పరిశోధకులు ఈ రెండింటి మిశ్రమ చిత్రాలను చూచుచు తికమకపడుచుండిరి. ఈ రెంటిని విడదీసి చూపిన ఘనత రోజలిండ్, గాస్లింగ్‌లదే.

నీరు సులభంగా లోనికి ప్రవేశించి, సులభంగా వెలువడుటను బట్టి ఆమె మరొక నిర్ణయానికి వచ్చింది. నీటిని ఆకర్షించే ఫాస్ఫేటులు అణువు వెలుపలి వైపున ఉండవలెను, క్షారాలు లోపల ఉండవలెను. 1951 చివర కేంబ్రిడ్జిలోని వాట్సన్, క్రిక్‌లు ఫాస్ఫేటులను లోపలనుంచి మూడు పోగుల నమూనా ఒకటి నిర్మించి కింగ్స్ కళాశాల వారిని పరిశీలనకు ఆహ్వానించారు. రోజలిండ్ చూచిన వెంటనే అందలి దోషాన్ని ఎత్తిచూపింది. ఆ నమూనా అంతటితో మూలబడింది.

51వ ఛాయాచిత్రం

1952 మే నెలలో రోజలిండ్ పర్యవేక్షణలో గాస్లింగ్ బి రూపపు చిత్రమొకటి తీశాడు. ఒకే సన్నని పోగుపై 60 గంటలకు పైగా ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసిన పిదప లభించిన చిత్రమది. దానికి వారు ఇచ్చిన సంఖ్య 51. చిత్రం నడుమ గుణకార చిహ్నం వలె రెండు చారల వరుసలు ఒకదానినొకటి ఖండించుకొంటాయి. సర్పిలాకారం, అనగా మెలి తిరిగిన ఆకృతి ఉన్నచోట తప్ప ఇట్టి గుర్తు పడదు. చార్మినారు మినారులలో పైకి తిరుగుచు పోయే మెట్లను చూచినవారికి సర్పిలమంటే ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ చారల దూరాన్ని కొలిచి, సర్పిలం ఒక చుట్టు తిరుగుటకు 34 ఆంగ్‌స్ట్రాముల ఎత్తు పడుతుందని, ఒక మెట్టుకు మరొక మెట్టుకు మధ్య దూరం 3.4 ఆంగ్‌స్ట్రాములని లెక్కించవచ్చును. అనగా చుట్టుకు పది మెట్లు. ఆంగ్‌స్ట్రామ్ అనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు!

రోజలిండ్ ఆ చిత్రాన్ని ప్రక్కనుంచి, ఎక్కువ వివరాలు గల ఏ రూపాన్ని గణితపద్ధతిలో ఛేదించుటకు పూనుకొన్నది. గణనయంత్రాలు సులభంగా లభించని ఆ రోజులలో ఆ లెక్కలకు నెలల కాలం పట్టింది. ఏ రూపం సర్పిలమా కాదా అను విషయంలో ఆమెకు కొంతకాలం సందేహం కూడ కలిగింది. ఆధారం చాలనిదే నమూనా కట్టరాదని ఆమె నియమం. ఉన్న ఆధారాలతోనే నమూనా కట్టి సరిచూడవచ్చునని కేంబ్రిడ్జి వారి పద్ధతి. రెండు పద్ధతులును శాస్త్రసమ్మతమైనవే. రెండవ పద్ధతికి మొదటి పద్ధతి సమకూర్చిన కొలతలు అవసరమైనవి. ఇక్కడనే చరిత్రలో వివాదం తలెత్తింది.

1953 జనవరి చివర కింగ్స్ కళాశాలకు వచ్చిన వాట్సన్‌కు విల్కిన్స్ 51వ చిత్రాన్ని చూపాడు. ఇది రోజలిండ్‌కు తెలియకుండ జరిగింది. ఫిబ్రవరిలో మరొక మార్గంలో కూడ సమాచారం చేరింది. పరిశోధనలకు ధనసహాయం చేసే వైద్య పరిశోధన మండలికి కింగ్స్ కళాశాల సమర్పించిన నివేదికలో రోజలిండ్ కొలతలు ఉన్నవి. మండలి సంఘ సభ్యుడైన మాక్స్ పెరుట్జ్ ద్వారా ఆ నివేదిక క్రిక్ చేతికి వచ్చింది. అది రహస్యపత్రం కాదు. అయినను ఆమె అనుమతిని ఎవ్వరును కోరలేదు. స్ఫటికపు సౌష్ఠవాన్ని గురించి ఆమె పేర్కొన్న ఒక వివరంలో క్రిక్ గొప్ప రహస్యాన్ని గ్రహించాడు. అణువులో రెండు పోగులున్నవి, అవి పరస్పరం వ్యతిరేక దిశలలో సాగుచున్నవి అని ఆ వివరం అర్థం. అంతకు కొలదికాలం ముందు ఎర్విన్ చార్గాఫ్ డి.ఎన్.ఎ.లో ఎడినైన్ ఎంతయో థైమిన్ అంత, గ్వానైన్ ఎంతయో సైటోసిన్ అంత ఉండునని చూపి ఉన్నాడు. ఎడినైన్‌తో థైమిన్, గ్వానైన్‌తో సైటోసిన్ జతకూడుతాయని ఫిబ్రవరి చివర వాట్సన్ కనుగొన్నాడు. ఈ జతల కల్పన నిస్సందేహంగా కేంబ్రిడ్జి వారి స్వంత ప్రతిభా ఫలితమే.

ఇంతలో రోజలిండ్ నిష్క్రియగా కూర్చుండలేదు. ఫిబ్రవరి నాటికే రెండు రూపాలును రెండు పోగుల సర్పిలాలేనని ఆమె తన నోటుపుస్తకంలో గుర్తించింది. బి రూపాన్ని గురించిన వ్యాసపు చిత్తుప్రతి మార్చి 17వ తేదీ నాటిది. గమ్యానికి ఆమె ఎంత చేరువలో ఉన్నదో ఆ కాగితాలు చాటుతున్నవి. 1953 ఏప్రిల్ 25వ తేదీ నేచర్ పత్రికలో మూడు వ్యాసాలు ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. మొదటిది వాట్సన్, క్రిక్‌లది. రెండవది విల్కిన్స్ బృందానిది. మూడవది రోజలిండ్, గాస్లింగ్‌లది. మొదటి వ్యాసంలో కింగ్స్ కళాశాల వారి అముద్రిత ఫలితాలు తమకు ప్రేరణ కలిగించినవని మాత్రమే స్థూలంగా ప్రస్తావించారు. చివర ముద్రితమైనందున, ఆధారంగా నిలిచిన కొలతలు కేవలం సమర్థనగా పాఠకులకు తోచినవి.

మెలి తిరిగిన నిచ్చెన

ఇంతకు ఆ నమూనా చెప్పేది ఏమి? డి.ఎన్.ఎ. మెలి తిరిగిన నిచ్చెన వంటిది. ఇరువైపుల నిలువు కొయ్యలు శర్కర, ఫాస్ఫేటులు. అడ్డుమెట్లు క్షారాల జతలు. నిచ్చెనను నడిమికి చీల్చినచో ఒక్కొక్క సగం తనకు తగిన జతలను చేర్చుకొని తిరిగి సంపూర్ణ నిచ్చెన కాగలదు. ఒక కణం రెండుగా విభజన చెందునపుడు జన్యుద్రవ్యం నకలు కావడంలోని మర్మం ఇదియే. 1958లో మెసెల్సన్, స్టాల్‌లు ప్రయోగపూర్వకంగా దీనిని ధ్రువపరచారు. మెట్లలోని క్షారాల వరుసక్రమమే లిపి. ఉర్దూ లిపిలోను, తెలుగు లిపిలోను అక్షరాలు పదుల సంఖ్యలో ఉన్నవి. ప్రకృతి మాత్రం నాలుగే అక్షరాలతో సమస్త జీవకోటి గ్రంథాన్ని వ్రాసింది! ఈ లిపిని ఆర్.ఎన్.ఎ. నకలు తీసికొని కణద్రవ్యంలోని రైబోజోములకు చేరుస్తుంది. అక్కడ మూడేసి అక్షరాలకు ఒక ఎమినో ఆమ్లం చొప్పున చేరి ప్రోటీను తయారవుతుంది. ఈ మూడక్షరాల నిఘంటువును ఛేదించిన వారిలో అవిభక్త భారతదేశంలో జన్మించిన హరగోవింద్ ఖొరానా ఒకరు. 1968లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

వైరస్‌ల లోకంలో

1953 మార్చిలో రోజలిండ్ కింగ్స్ కళాశాలను విడిచి, లండన్‌లోనే ఉన్న బర్క్‌బెక్ కళాశాలలో జె.డి. బెర్నాల్ ప్రయోగశాలకు మారింది. డి.ఎన్.ఎ.పై పరిశోధన కొనసాగించరాదని రాండల్ షరతు విధించాడు. ఆమె వేరొక క్షేత్రాన్ని ఎన్నుకొన్నది. పొగాకు ఆకులపై మచ్చలు పుట్టించే పొగాకు మొజాయిక్ వైరస్ ఆమె పరిశోధనకు వస్తువైంది. ఆమె గది పాత భవనపు అటకమీద, ఎక్స్-కిరణ యంత్రాలు నేలమాళిగలో. ఈ రెంటి నడుమ మెట్లు ఎక్కుచు దిగుచు ఆమె తన జీవితంలోని అత్యున్నత కృషిని సాగించింది.

వైరస్ అనగా ప్రోటీను తొడుగులో దాగిన జన్యుద్రవ్యం. పొగాకు వైరస్‌లో ఆ ద్రవ్యం ఆర్.ఎన్.ఎ. సుమారు 3000 ఆంగ్‌స్ట్రాముల నిడివి గల కడ్డీ వలె ఉండే ఈ వైరస్‌లో ఒకే విధమైన ప్రోటీను ముక్కలు రెండు వేలకు పైగా సర్పిలాకారంలో అమరి ఉన్నవి. మూడు చుట్లకు 49 ముక్కల చొప్పున అవి కూర్పబడినవని రోజలిండ్ బృందం తేల్చింది. కడ్డీ నడుమ బోలుగా ఉన్నదని, ఆర్.ఎన్.ఎ. ఆ బోలులో గాక, ప్రోటీను ముక్కల మధ్యనే, మధ్యరేఖ నుండి 40 ఆంగ్‌స్ట్రాముల దూరంలో ఇమిడి ఉన్నదని ఆమె నిరూపించింది. జన్యుద్రవ్యాన్ని ప్రోటీను ఏ విధంగా కాపాడుతుందో ఇంత స్పష్టంగా చూపిన పరిశోధనలు అంతవరకు లేవు. ఈ కృషిలో 1954లో ఆమెతో చేరిన ఏరన్ క్లూగ్, విద్యార్థులైన కెన్నెత్ హోమ్స్, జాన్ ఫించ్ ఆమెకు కుడిభుజాలైనారు. కింగ్స్ కళాశాలలో ఒంటరిగా, కఠినంగా కానవచ్చిన ఆమె, బర్క్‌బెక్‌లో స్నేహశీలియైన నాయకురాలిగా రాణించింది. మనిషి స్వభావాన్ని నిర్ణయించుటకు ముందు ఆ మనిషికి దొరికిన వాతావరణాన్ని కూడ లెక్కింపవలెనని ఇందువలన తెలియుచున్నది.

చివరి రోజులు

1956లో అమెరికా పర్యటనలో ఉండగా ఆమెకు అనారోగ్య చిహ్నాలు కానవచ్చినవి. లండన్ చేరిన పిదప అండాశయ క్యాన్సరు అని నిర్ధారణ అయింది. శస్త్రచికిత్సలు జరిగినవి. నడుమ నడుమ కోలుకొన్నపుడు ఆమె ప్రయోగశాలకు వచ్చి పనిచేసేది. కోలుకొనే దినాలలో కొంతకాలం కేంబ్రిడ్జిలో క్రిక్ దంపతుల ఇంటనే విశ్రాంతి తీసికొన్నది. వారి మధ్య వైరభావం ఉండెనని భావించేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకొనుట మంచిది. ఆ రోజులలోనే ఆమె పోలియో వైరస్ పరిశోధనకు పూనుకొన్నది. పిల్లలను వికలాంగులను చేసే ఆ భయంకర వైరస్ నిర్మాణాన్ని తెలిసికొనుట ఆమె చివరి ఆశయం. బహుమతులను గురించిగాని, కీర్తిని గురించిగాని కాక, తన బృందంలోని యువకులకు ధనసహాయం నిలిచిపోకుండ చూచుటయే ఆమెకు ప్రధాన చింతగా ఉండెను.

1958 ఏప్రిల్ 16వ తేదీన ఆమె కన్నుమూసింది. ఆ మరునాడే బ్రస్సెల్స్ నగరంలో ప్రపంచ ప్రదర్శన ప్రారంభమైంది. ఆమె పర్యవేక్షణలో రూపొందిన పొగాకు వైరస్ బృహన్నమూనా అక్కడ ప్రదర్శింపబడింది. ఆమె ఆరంభించిన పోలియో వైరస్ పరిశోధనను క్లూగ్, ఫించ్‌లు పూర్తిచేసి, 1959లో ప్రకటించిన వ్యాసాన్ని ఆమె స్మృతికి అంకితం చేశారు.

మరణానంతర కీర్తి

1962లో వాట్సన్, క్రిక్, విల్కిన్స్ ముగ్గురికి నోబెల్ బహుమతి లభించింది. మరణించినవారికి ఆ బహుమతి ఇచ్చే ఆచారం లేదు. ఒకే బహుమతిని ముగ్గురికి మించి పంచే వీలు కూడ లేదు. కావున ఆమె జీవించి ఉన్నచో ఏమి జరిగెడిదో ఎవరును నిర్ణయించజాలరు. 1968లో వాట్సన్ ప్రచురించిన డబుల్ హెలిక్స్ అను గ్రంథంలో ఆమె రూపురేఖలను, వేషధారణను, స్వభావాన్ని చులకనగా చిత్రించాడు. చివర చేర్చిన మాటలో ఆమె ప్రతిభను అంగీకరించినను, గ్రంథంలోని చిత్రమే లోకంలో వ్యాపించింది. సమాధానం చెప్పుటకు ఆమె జీవించి లేదు. ఆ బాధ్యతను స్నేహితురాలు ఆన్ సేయర్ స్వీకరించి, 1975లో ఆమె జీవితచరిత్రను వెలువరించింది. 1982లో ఏరన్ క్లూగ్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కేంద్రకామ్లాలు, ప్రోటీనులు కలసి ఏర్పడే నిర్మాణాలపై చేసిన కృషికిది గుర్తింపు. ఆ కృషికి బీజం పడినది రోజలిండ్ ప్రయోగశాలలోనే. 2019లో ఐరోపా అంతరిక్ష సంస్థ, అంగారక గ్రహంపై జీవచిహ్నాలను వెదకుటకు ఉద్దేశించిన తన వాహనానికి ఆమె పేరు పెట్టింది.

ఆమెకు జరిగినది అన్యాయమా? ఆమె కొలతలను దొంగిలించారనుట అతిశయోక్తి. ఆమె పాత్ర స్వల్పమనుట అసత్యం. ఈ రెండింటి నడుమ నిజమున్నది. నాలుగు చేతులు కలసి మోసిన బరువుకు మూడు చేతులకే పూలదండలు పడినవి. కొలతలు వాడుకొన్నవారు ఆమెను ఒక్క మాట అడిగి ఉన్నచో, వ్యాసంలో స్పష్టంగా ఒక వాక్యం వ్రాసి ఉన్నచో, ఈ వివాదమే పుట్టి ఉండెడిది కాదు. ప్రయోగశాలలో కలసి పనిచేసే విద్యార్థి మిత్రులు ఇందలి పాఠాన్ని గ్రహించవలెను. తోటివాని రికార్డు పుస్తకం నుండి ఒక అంకె తీసికొన్నను, అది ఎవరిదో చెప్పుట ఋణం తీర్చుకొనుటయే. ఈ ఋణం వ్రాతలో తీరవలెను గాని మనస్సులో కాదు.

నేడు మన హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రంలోను, దేశంలోని అనేక ప్రయోగశాలలలోను డి.ఎన్.ఎ. పరిశోధనలు విరివిగా సాగుచున్నవి. 2020లో ప్రపంచాన్ని గడగడలాడించిన కరోనా వైరస్ ప్రోటీను ఆకృతిని శాస్త్రజ్ఞులు కొలది వారాలలోనే కనుగొనగలిగారన్నచో, వైరస్‌ల నిర్మాణాన్ని కొలతలతో పట్టుకొనవచ్చునని చూపిన తొలితరం పరిశోధకుల శ్రమ దాని వెనుక ఉన్నది. ఆ తరంలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అగ్రగణ్యురాలు. ఆమె సమాధి ఫలకంపై వైరస్‌లపై చేసిన పరిశోధనల ప్రస్తావన ఉన్నది గాని డి.ఎన్.ఎ. మాట లేదు. ఆ కొరతను తీర్చవలసినది చదువరుల స్మృతియే. మన కళాశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి ఉల్లిపొర కణాలను చూచే ప్రతి విద్యార్థిని, ప్రతి విద్యార్థి, ఆ కేంద్రకంలోని మెలి తిరిగిన నిచ్చెనను ఊహించుకొన్నప్పుడు, దాని మెట్ల మధ్య దూరాన్ని ఓర్పుతో కొలిచిన ఆ చేతులను కూడ ఒకసారి స్మరించుట సముచితం.